సూది బెజ్జాల ఆకాశం

హిరేకెర,
19 నవంబరు 1978

ప్రియమైన మీకు,

శాంత నమస్కారాలు. ఈ ఆదివారం నేను ఆదోనికి రాలేదని అత్తయ్య అన్న మాటలు ఎవరూ మోసుకురానక్కరలేదు, ఇక్కడికే వినబడ్డాయి. వచ్చే ఆదివారం కూడా రాను. ఆ తర్వాత సంగతి బాతులను అడిగి చెప్తాను.

చెరువులోకి అడవిబాతులు దిగాయి. ఊళ్ళో వాళ్ళు అన్నిటినీ కలిపి పరజలు అనేస్తారు గానీ, చూస్తే ఒక్కొక్కటి ఒక్కో తీరు. సూదిలాంటి తోకవి ఉన్నాయి, ఈల వేసేవి ఉన్నాయి, తల మీద రెండు నల్ల గీతలున్న పెద్దవి ఉన్నాయి. ఆ పెద్దవి రాత్రంతా పక్కవాళ్ళ శెనగచేలు మేసి, పొద్దెక్కాక చెరువులో కునుకు తీస్తాయి. మా సర్పంచు దినచర్య కూడా దాదాపు అదే.

ఇప్పుడు అసలు సంగతి. కట్ట మీద అటవీశాఖ వాళ్ళ బోర్డు మీరు చూశారు కదా, ఇది పక్షుల రక్షణ ప్రాంతం, వేట నిషేధం అని. మన ఆదోని జిన్నింగు మిల్లు రంగనాథం గారు దాని మీద అర్జీ పెట్టారు. ఈ చెరువుకు పక్షులు రావడం ఏనాడో మానేశాయట. కాబట్టి బోర్డు పీకేసి, చెరువు భూమి తనకు కౌలుకిస్తే పత్తి పండిస్తారట. జనవరిలో విచారణ. సర్పంచు ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించి బడికి కూడా వచ్చాడు. కిటికీలోంచి బాతుల అరుపులు వినబడుతూంటే బాతులు లేవని సంతకం పెట్టమంటాడు. పెట్టనని చెప్పాను.

అందుకని ఫోటోలు కావాలి. మీరిచ్చిన పాత కెమెరా దగ్గరికి పోతే గానీ ఏమీ పట్టదు, దగ్గరికి పోతే బాతులు నిలవవు. ఏదైనా చాటు కావాలి. మన స్టూడియోలో వెనక గోడకు వేలాడే సరస్సు పరదా పంపండి. నాలుగు రోల్సు కూడా. కండక్టరు ఎల్లప్ప ఎమ్మిగనూరు సంతరోజు తెచ్చి ఇస్తానన్నాడు.

ఎల్లప్ప మంచివాడు. మొన్న బస్సులో నా పక్కకు వచ్చి మెల్లగా, "టీచరమ్మా, తప్పుగా అనుకోవద్దు. సారు అంగడి షోకేసులో పెండ్లి ఫోటో ఉండాది గదా, ఆయమ్మ సారుకు మొదటి పెండ్లామా? పాపం, పోయిందా?" అని అడిగాడు. ఆవిడ నిక్షేపంలా ఉందని చెప్పి టికెట్టు తీసుకున్నాను. నా ముఖం మీద అమ్మవారు పోసిన మచ్చలన్నీ మీరు పెన్సిలుతో పూడ్చిన నాటి నుంచీ ఆవిడ షోకేసులో ఉంది, నేను బయట ఉన్నాను.

షోకేసు బయటి మీ
శాంత


ఆదోని,
24 నవంబరు 1978

ప్రియమైన శాంతకు,

ఆశీస్సులు. షోకేసులోని నా మొదటి భార్య నిన్ను అడిగినట్టు రాయమంది. ఆవిడ నోరెత్తదు, ఆదివారాలు ఇంట్లోనే ఉంటుంది.

కోపం వద్దు. అది మా నాన్న నేర్పిన పని. ఫోటోకు వచ్చేవాడు తన ముఖం కోసం రాడు, తనకు ఉండవలసిన ముఖం కోసం వస్తాడు అనేవాడు ఆయన. ఎవరి నెగటివ్ చేతికొచ్చినా ముందు నా కళ్ళు చుక్కలనే వెతుకుతాయి. పుట్టుమచ్చ, మొటిమ, దుమ్ము, అన్నీ నెగటివ్‌లో చిన్న చిన్న తెల్ల బెజ్జాల్లా కనబడతాయి. పెన్సిలు మొనతో ఒక్కొక్కటీ పూడ్చుకుంటూ పోతాను. నీదని వేరుగా ఏమీ చేయలేదు.

రంగనాథం గారి సంగతి చదివాను. ప్రతి దసరాకూ మిల్లు గ్రూపు ఫోటో మనదే. మన షోకేసులో నడిమధ్య ఉన్నది ఆయన కుటుంబం పటమే. ఆయనతో పేచీ మనకు నప్పదు, నీకు తెలియనిది కాదు.

అయినా పరదా పంపుతున్నాను. పంపకపోతే నీ చీరలన్నీ కలిపి కుట్టి చాటు కట్టుకుంటావని తెలుసు. అది మా నాన్న చేతి పని. సగం ఆదోని ఆ సరస్సు ముందు నిలబడే పెళ్ళి ఫోటోలు తీయించుకుంది. దాని మీది రాజహంసకు బురద అంటనీయకు.

మీ అత్తయ్య ఆరోగ్యంగానే ఉంది. మాటలకు లోటు లేదు.

నీ
పాండురంగ


హిరేకెర,
10 డిసెంబరు 1978

ప్రియమైన మీకు,

రాజహంస ముక్కుకు బురద అంటింది. ముందే చెప్పేస్తున్నాను.

హులిగమ్మ అని ఇక్కడొక ముసలామె ఉంది. చెరువులో జమ్ము కోసి చాపలు అల్లి బతుకుతుంది. చెరువు పోతే ఆమె బతుకూ పోతుంది. జమ్ములో రెండు గడకర్రలు పాతి పరదా కట్టడానికి ఆమే సాయం వచ్చింది. నేను బొమ్మ నా వైపు పెట్టుకుని, వెనక వైపు తెల్లగుడ్డ బాతులకు చూపించాను. రెండు ఉదయాలు ఒక్కటీ దగ్గరికి రాలేదు. మూడోనాడు హులిగమ్మ, "ఇట్ల తిప్పు టీచరమ్మా. ఆ తెల్లగుడ్డ పిట్టలకు బెదురు. బొమ్మలో పచ్చగా ఉండాదిలే" అని తనే తిప్పి కట్టింది. కాసేపు అటువైపు నిలబడి చూసి, "మన సెరువు కన్నా ఈ సెరువే బాగుండాది. నీళ్ళు తగ్గవు" అంది.

అంతే. సూదితోకవి గుంపుగా వచ్చి మీ నాన్నగారి సరస్సు ముందర ముక్కులతో ఈకలు దువ్వుకున్నాయి. నేను పరదా చీలికలోంచి కెమెరా పెట్టి, చీర కచ్చ పోసుకుని, బురదలో బోర్లా పడుకుని తీశాను. ఇంత సంతోషం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తు లేదు.

లేచేసరికి కట్ట మీద సర్పంచు. "ఏం టీచరమ్మా, ఆడమనిషి బురదలో పండుకోని బాతులకు ఫోటోలు తీసేది యాడన్నా ఉందా? సిప్పగిరికి మార్పిస్తే ఏం జేస్తావు?" అన్నాడు. చిప్పగిరిలో కూడా పిల్లలుంటారు, చదువు చెప్తాను అన్నాను. భయం లేక కాదు. కాళ్ళు వణికాయి, బురద వల్ల అతనికి కనబడలేదు.

నాకెందుకింత పట్టుదల అని మీరడుగుతారు. చిన్నప్పటి నుంచీ నా ముఖం చూసి చూడనట్టు పక్కకు తిరిగేవాళ్ళ మధ్య పెరిగాను. ఉన్నదాన్ని లేదంటే నాకు ఒళ్ళు మండుతుంది. కళ్ళెదుట చెరువు నిండా ఇన్ని ప్రాణాలు పెట్టుకుని, ఏమీ లేవని కాగితం మీద రాస్తారా? రాయనివ్వను.

రెండు రోల్సు పంపుతున్నాను. కడిగి ప్రింట్లు వేయండి.

మీ బురద
శాంత


ఆదోని,
17 డిసెంబరు 1978

ప్రియమైన శాంతకు,

ఆశీస్సులు. ప్రింట్లు ఆరుతూంటే అమ్మ వచ్చి చూసింది. పెదవి విరవబోయి ఆగి, "ఈ పిట్ట మెడ వంచడం చూడు, మన ఇంటి పెళ్ళికూతురు కూడా ఇంత సొగసుగా వంచదు" అంది. ఎవరిని ఉద్దేశించి అన్నదో నేను అడగలేదు.

కానీ ఒక చిక్కు వచ్చింది. మంచి ఫోటోలన్నిటిలోనూ ఒక పక్క పరదా అంచు మసకగా పడింది. రంగనాథం గారు నిన్న స్టూడియోకు వచ్చారు. ఆరబెట్టిన ఫోటోలు చూసి నవ్వారు. "ఏమప్పా పాండురంగా, మీ ఇంటామె పరదా ముందర బాతుల్ని నిలబెట్టి ఫోటోలు తీస్తాందంటనే. ఆ సరస్సు మాకు తెలీదా? నా పెండ్లి ఫోటో దాని ముందరే గదప్పా తీసింది. విచారణలో ఈ మాటే సెప్తాం" అన్నారు. వెళ్ళేటప్పుడు తన పటం అద్దం మీద దుమ్ము చేత్తో తుడిచి, "ఈ పటం ఈడనే ఉండాలంటే ఆమెకు బుద్ధి సెప్పు" అని పోయారు.

అందువల్ల అడుగుతున్నాను, ఇక ఆపెయ్యి. భర్తగా ఆజ్ఞ వేయడం లేదు, నేను వేస్తే నువ్వు వినవు కూడా. భయస్థుడిగా బతిమాలుతున్నాను. ఇక్కడ అంగడి నడవాలి.

నీ
పాండురంగ


ఎమ్మిగనూరు బస్టాండు,
8 జనవరి 1979

ప్రియమైన మీకు,

ఆపలేదు.

ఈ గురువారం ఎమ్మిగనూరు బంగళాలో విచారణ. అటవీశాఖ అధికారి బుధవారం వచ్చి చెరువు చూస్తారని తెలిసి, ఈ ఉదయం రంగనాథం గారు జీపులో మనుషులను తెచ్చి తుపాకులు పేల్పించారు. ఇప్పుడు చెరువు ఖాళీ. అధికారి వచ్చి చూస్తే నీళ్ళు తప్ప ఏమీ ఉండవు.

కానీ పేల్చేటప్పుడు నేను జమ్ములో ఉన్నాను. ఈ రోల్లో చివరి ఫోటోలో కట్టా, బోర్డూ, జీపూ అన్నీ ఒక్కచోట పడ్డాయి. ఈసారి పరదా లేదు. ఆ ఒక్కటీ పెద్దది చేసి గురువారం ఉదయానికల్లా ఎల్లప్ప చేత బంగళాకు పంపండి. ఇంకా చాలా చెప్పాలి గానీ ఎల్లప్ప విజిల్ వేస్తున్నాడు.

మీ
శాంత


ఆదోని,
10 జనవరి 1979

ప్రియమైన శాంతకు,

ఆశీస్సులు. నువ్వడిగిన ఫోటో ఈ కవరులో ఉంది. నాకు భయం పోలేదు. భయపడుతూనే చేశాను.

ఆ నెగటివ్ దీపానికి పట్టి చూశాను. చెరువుగట్టు దుమ్మో, పాత ఫిల్మో, ఆకాశమంతా సూది బెజ్జాలు. ఇంత పాడైపోయిన నెగటివ్ నా చేతికి ఎప్పుడూ రాలేదు. ఇంకెవరిదైనా అయితే పారేసేవాణ్ణి. నీదని, అంగడి తలుపులు మూసి, భోజనానికి కూడా లేవకుండా దీపాలు పెట్టేదాకా పెన్సిలు పట్టుకుని ఒక్కొక్కటీ పూడ్చాను. అమ్మ రెండుసార్లు పిలిచి విసుక్కుంది. ఇప్పుడు చూడు, ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. బోర్డు మీది అక్షరాలు చదవవచ్చు. జీపు నంబరు కూడా చదవవచ్చు.

నా చేతి పనిలో ఇంత శుభ్రమైనది ఇంకొకటి లేదు. ధైర్యంగా చూపించు.

నీ
పాండురంగ


హిరేకెర,
11 జనవరి 1979

స్టూడియో యజమాని గారికి,

ప్రియమైన అని రాయడానికి ఈ పూట చేయి రావడం లేదు.

ఎల్లప్ప కవరు తెచ్చేసరికి బంగళాలో నా పేరు పిలిచారు. విప్పి చూసుకునే వ్యవధి లేదు. అప్పటికే రంగనాథం గారు మీ పరదా కథ చెప్పి అందరినీ నవ్వించారు. నేను నిలబడి, "ఇది చూడండి సార్. తుపాకులు పేలగానే చెరువులో ఉన్న బాతులన్నీ లేచాయి. ఆకాశంలో చోటు లేదు" అని కవరు అధికారి చేతిలో పెట్టాను.

ఆయన విప్పి, ఉత్తరం మడత నాకిచ్చేసి, ఫోటో చూసి నా వైపు తిప్పారు. కట్ట ఉంది, బోర్డు ఉంది, జీపు ఉంది. మీ కడిగిన పళ్ళెం ఉంది. ఒక్క బాతు లేదు.

రంగనాథం గారు ముందుకు వంగి చూసి, "ఆమె తెచ్చిందే సూడండి సార్. జీపు నాదే, గాలికి పోయినాము. పిట్ట యాడుందో సూపీమనండి" అన్నారు. గది గదంతా నవ్వింది. హులిగమ్మ ఒక్కతే నవ్వలేదు. నా కొంగు పట్టుకుని, "అన్ని పిట్టలు యాడికి పోయినాయి టీచరమ్మా? నేనూ సూసినాను గదా" అంది.

మీ ఉత్తరం తర్వాత చదివాను. సూది బెజ్జాలట. అవి ప్రాణాలండీ. రెక్కలు కొట్టుకుంటూ లేచిన ప్రాణాలు. మిల్లు గ్రూపు ఫోటో పోతుందని చేశారో, చేయి అలవాటుగా చేసిందో నాకు తెలియదు. ఏదైనా నాకు ఒకటే. నా ముఖం మీద చేశారు, ఊరుకున్నాను. ఆకాశం మీద చేస్తే ఊరుకోను.

అధికారి వచ్చే గురువారం దాకా గడువిచ్చారు. జాలిపడి ఇచ్చారు, అది ఇంకా మండుతోంది. చెరువులో పిట్ట లేదు. అయినా రోజూ పొద్దున పోయి జమ్ములో పడుకుంటాను. ఒక్కటి వచ్చినా తీస్తాను. ఆ రోలు కర్నూలుకు పంపి కడిగించుకుంటాను, మీకు పంపను. ఆదోనికి ఎప్పుడొస్తానో చెప్పలేను.

శాంత


ఆదోని,
17 జనవరి 1979

ప్రియమైన శాంతకు,

నీ ఉత్తరం అంగడిలో నిలబడి చదివి, కూర్చుని మళ్ళీ చదివాను. రంగనాథం కోసం చేయలేదు. చెరువు ఖాళీ అన్నావు, జీపు ఉందన్నావు, జీపు కోసమే అడిగావనుకున్నాను. చుక్క కనబడితే పూడ్చే చేయి ఇది. ఇన్నేళ్ళలో అది ఏమి చుక్క అని ఒక్కసారి కూడా ఆగి అడగలేదు.

కానీ శాంతా, పెన్సిలు నెగటివ్ పైపైనే ఉంటుంది, లోపలికి దిగదు. టర్పెంటైనులో దూది ముంచి తుడిస్తే పోతుంది. ఇన్నేళ్ళు పూడ్చడమే తప్ప ఎన్నడూ తుడవలేదు. ఒక మూల నుంచి మొదలుపెట్టాను. దూది నల్లబడుతున్నకొద్దీ బెజ్జాలు తెరుచుకున్నాయి. భూతద్దం పెట్టి చూశాను. బెజ్జానికి మెడ ఉంది, రెక్కలున్నాయి. ఒకటి పైకి ఉంది, ఒకటి కిందికి ఉంది. ఇంతసేపు వీటినా నేను దుమ్మనుకున్నది అని ఏడుపొచ్చింది. అమ్మను పిలిచి చూపించాను. "వెధవా" అంది, నీ పక్షాన.

మా దగ్గరున్న అతి పెద్ద కాగితం మీద ప్రింటు వేశాను. షోకేసులోంచి రంగనాథం గారి పటం దించి, నడిమధ్య దాన్ని పెట్టాను. సాయంకాలానికి బజారులో దారి లేదు. పత్తి బండ్లవాళ్ళు బండ్లు ఆపి చూశారు. కౌతాళం నుంచి వచ్చిన ఒకాయన కన్నడంలో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో తప్పి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

రంగనాథం గారు రానే వచ్చారు. "నా పటం యాడప్పా?" అన్నారు. లోపల భద్రంగా ఉంది, తీసుకుపోండి అన్నాను. "దసరా ఫోటో ఇంగ మరిసిపో" అన్నారు. మీ జీపు కూడా షోకేసులోనే ఉంది సార్, నంబరుతో సహా, డబ్బు తీసుకోకుండా పెట్టాను అన్నాను. ఆ మాట నేనే అన్నానా అని ఇప్పటికీ అనుమానమే. తర్వాత మంచినీళ్ళు రెండు చెంబులు తాగాను.

రేపు అంగడి మూసి నెగటివ్ తీసుకుని నేనే బంగళాకు వస్తున్నాను. పెన్సిలు, దూది, సీసా కూడా తెస్తాను. ఆ అధికారి ముందే ఒక మూల పూడ్చి, మళ్ళీ తుడిచి చూపిస్తాను. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ.

సీసాలో మిగిలిన టర్పెంటైనుతో ఇంకొక పని కూడా చేశాను. అది ఉత్తరంలో రాసేది కాదు.

నీ
పాండురంగ


హిరేకెర,
9 ఫిబ్రవరి 1979

ప్రియమైన మీకు,

శాంత నమస్కారాలు. ఆర్డరు వచ్చింది. బోర్డు అక్కడే ఉంటుంది, కౌలు అర్జీ కొట్టేశారు. హులిగమ్మకు చదివి వినిపిస్తే మొత్తం విని, "పిట్టలకూ సెప్పి రా" అని కొడవలి తీసుకుని జమ్ములోకి దిగింది. చెప్పనక్కరలేదు. తల మీద గీతలున్నవి మొన్నటి నుంచీ తిరిగి వస్తున్నాయి. శెనగచేలవాళ్ళు నన్ను తిడుతున్నారు, పడతాను.

మరో ఆర్డరు కూడా వచ్చింది. వేసవి సెలవుల తర్వాత నాకు చిప్పగిరి. సర్పంచు స్వయంగా తెచ్చి ఇచ్చి, నేనేడుస్తానేమోనని కాసేపు నిలబడ్డాడు. చిప్పగిరి దగ్గర చెరువులున్నాయా అని అడిగాను. పరదా శుభ్రంగా ఉతికి ఉంచాను. రాజహంస ముక్కు మాత్రం ఇక తెల్లబడదు.

ఆ రోజు బంగళాలో మీరు పెన్సిలు చెక్కుతూంటే మీ చేతులు వణకడం చూశాను. నాకు బురద అడ్డం వచ్చింది, మీకు అదీ లేదు. దూదితో తుడిచి ఆకాశాన్ని ఆ అధికారి చేతికిచ్చినప్పుడు మిమ్మల్ని చూసి ఎంత గర్వపడ్డానో అక్కడ చెప్పలేకపోయాను, అందరూ ఉన్నారు. ఇప్పుడు చెప్తున్నాను.

రెండో పని ఏమిటని అడిగితే నవ్వి బస్సెక్కారు. నిన్న సంతలో ఎల్లప్ప బస్సు దిగి పరుగున వచ్చాడు. "టీచరమ్మా, సారు అంగడి షోకేసులో మిమ్మల్ని సూసినా. బాతుల పక్కన. పెండ్లి చీరలో" అన్నాడు. ఎట్లా గుర్తుపట్టావు అని అడిగాను. వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు. "గుర్తుపట్టేదేందమ్మా, మీరే గదా" అన్నాడు.

సంత మధ్యలో, ఉల్లిగడ్డల రాశి పక్కన నిలబడి ఏడ్చాను. ఎల్లప్ప కంగారుపడి ఎవరైనా పోయారా అని అడిగాడు. లేదు, వచ్చారు అన్నాను.

ఆ పటం అక్కడి నుంచి తీయకండి. ఎవరేమన్నా సరే, అత్తయ్య అన్నా సరే. ఈ ఆదివారం బాతులను హులిగమ్మకు అప్పజెప్పి ఇంటికి వస్తున్నాను.

మీ మొదటి భార్య,
శాంత